పన్నెండు టీవీల గదిలో మా వదిన

మా వదిన ఇరవై రెండేళ్లు ఏడ్చి బతికింది. మా అన్నయ్యను కట్టుకున్నందుకు కాదు, ఆవిడ ఉద్యోగమే అది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, ఆ తర్వాత నిజమేనా అని నా మొహం చూస్తారు. నిజమే. వేరే భాషల్లో తీసిన టీవీ సీరియళ్లకు మన మాటలు అతికించే స్టూడియో ఒకటి ఉండేది. మా వదిన అందులో మొదట డైలాగు కాగితాలు శుభ్రంగా తిరగరాసే పనికి చేరింది. ఒకరోజు హీరోయిన్‌కి గొంతిచ్చే అమ్మాయి ఏడుపు దగ్గర ఆగిపోయింది. ఎన్నిసార్లు చేయించినా దగ్గినట్టే వస్తోంది. మధ్యాహ్నం దాటిపోయింది, ఎవరికీ భోజనాల్లేవు. ఆకలి మీదున్న మా వదిన, జరగండి నేను ఏడుస్తాను అని లోపలికి వెళ్లి, రెండు నిమిషాలు ఏడ్చి, బయటికొచ్చి మళ్లీ కాగితాల ముందు కూర్చుందట. అద్దం అవతల ఉన్నవాళ్లు అన్నం సంగతి మర్చిపోయారట.

ఆ రోజు నుంచి ఏ సీరియల్లో ఏ ఆడది ఏడవాల్సి వచ్చినా కబురు మా వదినకే. మాటలు ఇంకొకరివి, ఏడుపు మాత్రం ఈవిడది. మొగుడు వదిలేసినామె, బిడ్డ తప్పిపోయినామె, ఆస్తి కోసం పిచ్చిదని ముద్ర వేయించుకున్నామె, అందరి తరఫునా మా వదినే ఏడ్చింది. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లేది, సాయంత్రానికి నలుగురైదుగురి కష్టాలు ఏడ్చేసి కూరగాయలు కొనుక్కుని వచ్చేది. సీరియల్ చివర పేర్లు పరుగెడతాయి చూడండి, కంటికి అందకుండా. ఆ పరుగులో కూడా ఆవిడ పేరు ఎప్పుడూ లేదు. దాని గురించి నాకు ఒళ్లు మండేది గానీ ఆవిడకు పట్టేది కాదు. ఇంట్లో మాత్రం ఆవిడ కంట నీరు నేను చూడలేదు. ఇంటికొచ్చి కూడా ఏడిస్తే ఇంక ఇంటికీ ఆఫీసుకీ తేడా ఏముందయ్యా అనేది.

తర్వాత గొంతు పోయింది. ఒక్కసారిగా పోలేదు. ముందు బొంగురైంది, ఆపైన మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. గొంతులో చిన్న కాయలు లేచాయని, ఇంక గట్టిగా మాట్లాడే పని ఏదీ చేయకూడదని డాక్టరు చెప్పాడు. మా వదిన రెండేళ్లు ఇంట్లో కూర్చుంది. వీధివైపు గదిలో, కిటికీ పక్కన, చేతులు ఒళ్లో పెట్టుకుని. సైగలతో, గుసగుసలతో సంసారం నడిచింది. మా అన్నయ్య మంచివాడే, కాకపోతే ఎదురుగా ఏనుగు నిలబడినా పేపరు కొంచెం పక్కకు జరుపుకుని చదువుకునే రకం. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించాడు. నాకు మాత్రం ఆ ఇంటికి వెళ్లాలంటే కాళ్లు వచ్చేవి కావు. అంత చలాకీ మనిషి అలా కిటికీ దగ్గర వాడిపోతుంటే చూడలేకపోయాను.

నా సంగతి కూడా చెప్పాలి. నేను టీవీ మెకానిక్‌ని. సొంత షాపు ఉండేది. జనం టీవీ పాడైతే బాగు చేయించుకోవడం మానేసి కొత్తది కొనుక్కోవడం మొదలుపెట్టాక షాపు మూసేసి, ఒక ఆర్ట్ గ్యాలరీలో టెక్నీషియన్‌గా కుదిరాను. లైట్లు, వైర్లు, ప్రొజెక్టర్లు నా బాధ్యత. ఆ గ్యాలరీలోనే హాల్ అటెండెంట్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. గదిలో మూల కుర్చీలో కూర్చోవాలి. బొమ్మల మీద ఎవరూ చెయ్యి వేయకుండా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, మాట్లాడకూడదు. మా వదిన కోసమే పుట్టిన ఉద్యోగం అనుకుని, నా పూచీ మీద ఆవిడను చేర్పించాను. ఆరు నెలలు పని చూసి, నచ్చితే పర్మనెంటు చేస్తారు.

ఆ కుర్చీ ఆవిడను నిలబెట్టింది. ఎనిమిదింటికల్లా తయారై, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, మా అన్నయ్య కంటే ముందు గుమ్మం దాటేది. పిల్లలు పరుగెత్తుకుంటూ వస్తే వేలు పెదాల మీద పెట్టి చూపిస్తే చాలు, ఆగిపోయేవారు. ఐదు నెలలు గడిచేసరికి బుగ్గలు నిండాయి, చెణుకులు మళ్లీ మొదలయ్యాయి. "ఇంక కిటికీ దగ్గర కూర్చోలేనయ్యా. కూర్చుంటే ఈసారి లేవను" అని ఒకసారి నాతో అంది. నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

మా గ్యాలరీ సూపర్‌వైజర్‌కి మేం పెట్టుకున్న పేరు కొలబద్ద. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ మడతపెట్టే స్టీలు స్కేలు ఉంటుంది. గోడకీ కుర్చీకీ ఎంత దూరం ఉండాలో, బొమ్మ కింద అంటించే చీటీ ఎంత ఎత్తులో ఉండాలో అన్నీ కొలుస్తాడు. చెడ్డవాడు కాదు. మనిషి కాగితం మీద ఉన్నది తప్ప ఇంకేమీ చూడడు. ఆయన మొదటి రూలు ఒకటే. సిబ్బంది చెయ్యి కళాకృతికి తగలకూడదు. తగిలిందా, ఆ రోజే ఆఖరు. నేను టెక్నీషియన్‌ని కాబట్టి నాకు మినహాయింపు. మా వదినకు లేదు.

ఆ సమయంలో వచ్చిందండీ ఆ ఎగ్జిబిషన్. సినిమాలనీ, టీవీనీ, అడ్వర్‌టైజ్‌మెంట్లనీ ఎత్తిపొడుస్తూ వీడియోలతో చేసిన కళ. ఒక గదిలో న్యూస్ చదివేవాళ్లు నోళ్లు తెరిచి అలాగే ఆగిపోయి ఉంటారు, ఎంతసేపు నిలబడినా మూయరు. ఇంకో గదిలో ఫేస్ క్రీమ్ యాడ్ వెనక్కి నడుస్తుంది, తెల్లబడ్డ అమ్మాయి మళ్లీ మామూలుగా అయి హాయిగా నిద్రపోతుంది. ఇవన్నీ చూసి మొదట నాకు చిరాకేసింది. జీవితాంతం బొమ్మ కదలాలని, రంగు సరిగ్గా రావాలని తంటాలు పడ్డవాణ్ణి నేను. వీళ్లు కావాలని పాడు చేసి, దానికి లైటు వేయమని నన్నే అడుగుతారు. అయితే ఆ నిద్రపోయే అమ్మాయిని చూసి నేనూ ఒకటికి రెండుసార్లు నవ్వుకున్నానని ఒప్పుకుంటాను.

మా వదినకు పడ్డ గది మూడోది. పేరు 'విరామం తర్వాత ఏడుద్దాం'. పన్నెండు పాత డబ్బా టీవీలు గుండ్రంగా పేర్చి ఉంటాయి. ఒక్కో దాంట్లో ఒక్కో సీరియల్ హీరోయిన్ మొహం, దగ్గర నుంచి. పన్నెండుమందీ ఒకేసారి ఏడుస్తారు. పది నిమిషాలయ్యాక టక్కున ఆపేసి, పన్నెండుమందీ పళ్లు కనిపించేలా నవ్వుతూ సబ్బు నురగ పట్టుకుని ఒక నిమిషం సబ్బు అమ్ముతారు. ఆ తర్వాత ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మళ్లీ ఏడుపు. జనం పడీపడీ నవ్వేవారు. మధ్యలో బెంచీల మీద కూర్చుని, తమకు నచ్చిన ఏడుపును అనుకరించి ఫోన్లలో తీసుకునేవారు.

ఎగ్జిబిషన్ తెరిచిన మొదటిరోజు మధ్యాహ్నం మా వదిన నన్ను పక్కకు పిలిచింది. అవమానంగా ఉంది, గది మార్చమంటుందేమో అనుకున్నాను. ఆవిడ మొహం చూస్తే వెలిగిపోతోంది. నా ఏడుపులన్నీ ఒక్కచోటికి చేరాయయ్యా అంది. ఇదిగో ఈవిడ మొగుడికి యాక్సిడెంటు, ఈ ఏడుపు నాకు జలుబు చేసిన రోజు చేసింది, అందుకే ముక్కు అంత సహజంగా వచ్చింది అని ఒక్కో టీవీ చూపించి చెప్పింది. జనం నవ్వుతున్నారు కదా, బాధ లేదా అని అడిగాను. నవ్వనీ, ఆ రోజుల్లో మేమూ రికార్డింగ్ అయ్యాక ఇలాగే నవ్వుకునేవాళ్లం అంది. అమ్మయ్య అనుకుని నా పని నేను చూసుకున్నాను.

నాలుగో రోజు నుంచి మొదలైంది నా తలనొప్పి. రోజూ తెరిచే ముందు పన్నెండు టీవీలూ చూసుకుంటాను. పన్నెండింటి సౌండూ సమానంగా ఉండాలని ఆర్టిస్టు కాగితం మీద రాసిచ్చింది. తొమ్మిదో టీవీ సౌండ్ మాత్రం తగ్గిపోయి ఉంటోంది. పెంచేవాణ్ణి. మర్నాటికి మళ్లీ తగ్గేది. పాత సెట్టు, లోపల అరిగిపోయి ఉంటుందిలే అని వెనక మూత విప్పి, దుమ్ము ఊది, వాల్యూమ్ నాబ్ కింది భాగం కొత్తది వేశాను. మళ్లీ తగ్గింది. నా ఇన్నేళ్ల సర్వీసులో నన్ను ఇంత ఏడిపించిన టీవీ ఇంకోటి లేదు. నా చేతి పని మీద నాకే అనుమానం వచ్చి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఒకరోజు ఉదయం వెనక గుమ్మం నుంచి స్టూలు పట్టుకుని వస్తుంటే కనపడింది. మా వదిన తొమ్మిదో టీవీ ముందు వంగి, తాపీగా నాబ్ తిప్పుతోంది.

"నువ్వా వదినా?"

"నేనే. రోజూ పెంచుతున్నది నువ్వా?"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు కోపం నషాళానికంటింది. ఇంకా నెల కూడా లేదు పర్మనెంటు కావడానికి, కొలబద్ద చూస్తే నీ కార్డు తీసుకుని ఇంటికి పంపిస్తాడు, నా పరువు కూడా నీ వెనకే పోతుంది అని అరిచినంత పని చేశాను. ఆవిడ అంతా విని, మొదటిరోజు జనం గోలలో గమనించలేదు గానీ, మిగతా పదకొండూ నావి, ఈ ఒక్కటి నాది కాదు, అసలు ఇది డబ్బింగే కాదు, కళ్లు మూసుకుని విను అంది. కళ్లు మూసుకుని విన్నాను. ఏడుపే వినపడింది. ఏడుపులో నాకేం తెలుస్తుంది? ఇంక ముట్టుకోనని మాటివ్వమన్నాను. ఇవ్వలేదు. సౌండ్ పెంచేసి, నాబ్ మీద అడ్డంగా టేపు అంటించి, దాని మీద ముట్టుకోవద్దని పెద్ద అక్షరాలతో రాసి వచ్చాను.

ఆ గురువారం ఆర్టిస్టు వచ్చింది. ముప్ఫై దాటని అమ్మాయి. పొట్టి జుట్టు, భుజానికి పెద్ద గుడ్డ సంచి, నిద్రలేని మొహం. కొలబద్ద ఆమెను గదిగదికీ తిప్పుతున్నాడు. నేను వెనకే ఉన్నాను. మూడో గదికి వచ్చేసరికి లోపల పదిమంది కాలేజీ పిల్లలు బెంచీల మీద సర్దుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకమ్మాయి తొమ్మిదో టీవీ ఏడుపు పట్టుకుంది. ఆ ఏడుపులో మధ్యమధ్య ఊపిరి ఇరుక్కుని ఎక్కిళ్లలా వస్తుంది. అమ్మాయి దాన్ని అచ్చం అలాగే చేసింది. మిగతావాళ్లు పొట్టలు పట్టుకున్నారు. ఇంకోసారి చేయమన్నారు. చేసింది. ఆర్టిస్టు గుమ్మంలో ఆగిపోయి చూస్తోంది. ఆమె నవ్వలేదు.

మా వదిన కుర్చీలోంచి లేచింది. నేను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆవిడ నా వైపు చూసింది, కొలబద్ద వైపు చూసింది, నాలుగడుగులు వేసి టేపు పీకి, నాబ్ పూర్తిగా తగ్గించి, వెళ్లి కుర్చీలో కూర్చుంది. గదిలో ఇంకా పదకొండుమంది ఏడుస్తూనే ఉన్నారు.

కొలబద్ద పిల్లల్ని బయటికి పంపించాడు. గది మధ్యకు వచ్చి, మర్యాదగానే, మీ కార్డు ఇవ్వండమ్మా అన్నాడు. మా వదిన మెడలోంచి కార్డు తీసింది.   మళ్లీ ఆ కిటికీ, ఆ ఒళ్లో చేతులు నా కళ్లముందు కదిలాయి.

"ఒక్క నిమిషం ఆగండి" అంది ఆర్టిస్టు. మా వదిన ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "పన్నెండు ఉన్నాయి కదండీ. ఆ ఒక్కటే ఎందుకు తగ్గించారు?"

"మిగతావన్నీ నేను ఏడ్చినవి. వాటికి ఎంత నవ్వినా నాకు ఫరవాలేదు. అది నాది కాదు."

ఆ అమ్మాయికి మొదట అర్థం కాలేదు. నేనే కలగజేసుకుని మా వదిన పాత ఉద్యోగం గురించి చెప్పాను. ఆ ఏడుపులు ఎవరివో ఆమె ఎంత వెతికినా దొరకలేదట, ఎక్కడా పేరు లేదట. అన్నీ ఒక్కరివేనని తెలిసి నోరు తెరిచింది. కానీ ఆమె మనసు అక్కడ లేదు. తొమ్మిదోది మీది కాదని ఎలా తెలిసింది అని మళ్లీ అడిగింది. వేరే ఆవిడెవరో డబ్బింగ్ చెప్పి ఉండొచ్చు కదా అంది.

మా వదిన గొంతు పెద్దగా రాదు. అందరం కొంచెం వంగి విన్నాం. "డబ్బింగ్‌లో ఏడ్చేవాళ్లం ఊపిరి ముందే దాచుకుంటాం తల్లీ. ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో అన్నీ చూసుకునే ఏడుస్తాం. అందరికీ వినపడాలని ఏడుస్తాం. ఈవిడెవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఎవరికీ వినపడకూడదని. అలాంటిదాన్ని ఇంత సౌండ్ పెట్టి వినిపిస్తుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు."

 "అది మా అమ్మ" అంది ఆర్టిస్టు.

పంతొమ్మిదేళ్లప్పుడు, మూసి ఉన్న బాత్రూమ్ తలుపు ఇవతల నిలబడి ఫోన్‌లో రికార్డు చేసిందట. ఎందుకు చేసిందో అప్పుడు తనకే తెలియదట. తర్వాత ఈ పని చేస్తున్నప్పుడు, పదకొండు అబద్ధం ఏడుపుల మధ్య ఒక నిజం ఏడుపు పెడితే ఎవరైనా గుర్తుపడతారా అని పెట్టిందట. గుర్తుపట్టరు, జనం చెవులు అలా తయారయ్యాయి అని చెప్పడమే ఆమె ఉద్దేశం. నాలుగు నగరాల్లో చూపించింది. మేధావులు వ్యాసాలు రాశారు. ఒక్కరూ కనిపెట్టలేదు. వాళ్లమ్మకు ఈ సంగతి తెలియదు. కూతురు పని చూస్తానని రెండేళ్ల నుంచి ఆవిడ అడుగుతుంటే ఏదో వంక చెప్పి దాటేస్తూ వచ్చింది. ఈసారి ఆవిడ కూతురిని అడగకుండా రైలు టికెట్ కొనుక్కుంది. ఆదివారం వస్తోంది.

"ఎవరూ గుర్తుపట్టలేదు కదా, అమ్మ కూడా గుర్తుపట్టదని ధైర్యం చెప్పుకున్నాను" అంది.

"తన ఏడుపు తనకు తెలియకుండా ఉంటుందా?" అంది మా వదిన. కోప్పడలేదు. ఒక మామూలు విషయం చెప్పినట్టు చెప్పింది.

ఆ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. తొమ్మిదో టీవీ ఆపేద్దామంది. కొలబద్ద ఒప్పుకోలేదు. పన్నెండు టీవీలని ఒప్పంద పత్రంలో ఉంది, పదకొండు అయితే కుదరదు అన్నాడు. సౌండ్ లేకుండా బొమ్మ మాత్రం నడిపితే కుదరదా అంటే, పన్నెండింటికీ సమానంగా సౌండ్ ఉండాలని మీరే రాసిచ్చారు అని కాగితం తీసి చూపించాడు. ఆ క్షణంలో ఆయన స్కేలుతోనే ఆయనకు రెండు తగిలించాలనిపించింది నాకు. సరే, మొత్తం గదే ఎత్తేస్తానంది ఆ అమ్మాయి. గది ఎత్తేస్తే మా వదిన కుర్చీ కూడా దాంతోపాటే పోతుంది.

మా వదిన తొమ్మిదో టీవీలోని మొహం వంక చూస్తోంది. అందులో ఒక నడివయసు హీరోయిన్, చెంపల మీద గ్లిజరిన్ కారుతోంది. "ఈ మొహానికి ఏడ్చింది కూడా నేనే తల్లీ. నాలుగేళ్ల సీరియల్. నువ్వు నా ఏడుపు తీసేసి మీ అమ్మది పెట్టావన్నమాట" అంది. ఆ పాత ఏడుపు ఇప్పుడు తన దగ్గర లేదంది ఆ అమ్మాయి. మా వదిన ఇంకాసేపు చూసి, "మళ్లీ ఏడుస్తాలే" అంది.

నేను ఎగిరిపడ్డాను. డాక్టరు ఏమన్నాడో గుర్తుందా, గొంతు పూర్తిగా పోతే అన్నయ్యకు నేనేం సమాధానం చెప్పాలి అన్నాను. మీ అన్నయ్య గమనించేసరికి ఏడాది పడుతుందిలే అంది. ఏడుపుకు కావాల్సింది గొంతు కాదు, ఊపిరి అంది. ఆ ఊపిరి తన దగ్గర ఇంకా ఉందంది.

శుక్రవారం ఉదయం, గ్యాలరీ తెరవడానికి మూడు గంటల ముందు సామాన్ల గదిలో చేరాం. బొమ్మలకు చుట్టే మందపాటి దుప్పట్లు గోడలకు వేలాడగట్టి, బయటి చప్పుడు రాకుండా చేశాను. మా వదిన గాజులు తీసి నా చేతిలో పెట్టింది, మైకులో చప్పుడు పడుతుందని. మెత్తటి నూలు చీర కట్టుకుని వచ్చింది, అదీ అందుకే. హీరోయిన్ పెదాల కదలిక మూడుసార్లు చూసింది. గోరువెచ్చటి నీళ్లు రెండు గుక్కలు తాగింది. కానివ్వండి అంది.

మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి మధ్యలో తెగిపోయి దగ్గు వచ్చింది. నేను ఆపేద్దామన్నాను. ఆవిడ వేలు పెదాల మీద పెట్టింది, గ్యాలరీలో పిల్లలకు పెట్టినట్టే. మూడోసారి వచ్చింది. ఎలా చెప్పాలో నాకు తెలియదు. పాత ఏడుపుల్లా గలగలా రాలేదు. బొంగురుగా, అడుగు నుంచి, ఒక్కో ఊపిరీ సరిగ్గా ఆ పెదాల మీద వాలుతూ వచ్చింది. పైగా ఎక్కడ నవ్వు పుట్టాలో అక్కడ కొంచెం ఎక్కువ సాగదీసింది కూడా. ఇది నవ్వుకోవడానికి చేసిన ఏడుపు, ఎవరు నవ్వినా ఎవరి మనసూ నొచ్చుకోదు. వింటుంటే నాకు నవ్వు వచ్చింది. పక్కన ఆర్టిస్టు వెక్కివెక్కి ఏడుస్తోంది. మా వదిన చెయ్యి ఎత్తి ఆపింది.

"నువ్వు ఏడిస్తే మైకులో పడుతుంది తల్లీ. బయటికెళ్లి ఏడువు. మళ్లీ మొదటి నుంచి చేయాలి" అంది.

నాలుగోసారి చేసి, అదే ఖాయం చేశారు. వాళ్లమ్మ ఏడుపు ఉన్న ఫైలును ఆ అమ్మాయి ప్లేయర్‌లోంచి, కంప్యూటర్‌లోంచి, ఫోన్‌లోంచి మా ముందే తీసేసింది. ఇన్నాళ్లూ నేను టీవీ వాళ్లను తిడుతూ వాళ్లు చేసిందే చేశాను అంది. మా వదిన నా చేతిలోంచి గాజులు తీసుకుని వేసుకుంది. 

ఇంక మిగిలింది కొలబద్ద. ఆయన ఉదయం నుంచి గది బయట నిలబడి అంతా చూశాడు. సందర్శకుల ముందు సిబ్బంది కళాకృతిని ముట్టుకున్నట్టు రిపోర్టు రాయక తప్పదన్నాడు. అప్పుడు ఆర్టిస్టు, ఆవిడ సిబ్బంది మాత్రమే కాదు, ఆ పన్నెండు గొంతులూ ఆవిడవే, అంటే ఈ పని చేసినవాళ్లలో ఆవిడా ఒకరు అంది. కొలబద్ద ఆలోచించాడు. అలాగని కాగితం మీద ఉందా అన్నాడు. ఉంటుంది అని ఆమె అక్కడికక్కడే చీటీ కొత్తది రాయించింది. గోడ మీద తన పేరు కింద, అంతే పెద్ద అక్షరాలతో, ఏడుపు అని రాసి ఎదురుగా మా వదిన పేరు. కొలబద్ద స్కేలు తీసి నేల నుంచి ఎత్తు కొలిచి, తనే స్వయంగా అంటించాడు. ఆ తర్వాత రిపోర్టులో, కళాకృతి రూపకర్తల్లో ఒకరు తన భాగాన్ని సరిచేసుకున్నారు అని ఒక్క ముక్క రాసి, కార్డు తిరిగిచ్చాడు. ఆయన్ని కొట్టాలనుకున్నందుకు మనసులోనే చెంపలు వేసుకున్నాను.

అయినా ఆదివారం దాకా నాకు ఊపిరాడలేదు. అమ్మకు ఏ కాస్త అనుమానం వచ్చినా ఆ నిమిషమే అంతా పీకేస్తానని ఆ అమ్మాయి చెప్పే ఉంచింది. పీకేస్తే చీటీ లేదు, చీటీ లేకపోతే కొలబద్ద రాసిన ముక్కకు విలువ లేదు. అన్నీ ఆ వచ్చే ఆవిడ చెవుల మీద ఆధారపడి ఉన్నాయి.

ఆవిడ పదకొండున్నరకు వచ్చింది. సన్నగా, చిన్న మనిషి. చేతిసంచి గుండెలకు హత్తుకుని నడుస్తోంది. కూతురు పక్కనే నడుస్తోంది గానీ మొహంలో రక్తం చుక్క లేదు. నేను ఏదో వైరు చూస్తున్నట్టు నటిస్తూ నిచ్చెన ఎక్కి కూర్చున్నాను. ఆవిడ ఒక్కో టీవీ ముందూ ఆగింది. మూడోదాని దగ్గర పెదాలు బిగించుకుంది. ఐదోదాని దగ్గర నవ్వేసింది. తొమ్మిదోదాని దగ్గర ఆగింది. అక్కడ ఎక్కువసేపే ఆగింది. నేను పైన నిచ్చెన గట్టిగా పట్టుకున్నాను.

ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. తర్వాత చెయ్యి తీసి పైకే నవ్వింది, హాయిగా, కళ్లలోంచి నీళ్లు వచ్చేదాకా. "ఈవిడ మరీ ఎక్కువ చేస్తోందే" అని కూతురి భుజం తట్టింది. ఆ అమ్మాయి నీళ్లు తాగొస్తానని చెప్పి గబగబా బయటికి వెళ్లిపోయింది.

వాళ్లమ్మ గోడ దగ్గరికి వెళ్లి చీటీ చదివింది. తర్వాత మా వదిన కార్డు మీద పేరు చూసి, దగ్గరికొచ్చింది.

"ఇవన్నీ మీరే ఏడ్చారా?"

"అవునండీ."

"అన్నీ?"

"అన్నీ" అంది మా వదిన.

ఆవిడ చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. నేను నిచ్చెన మీద ఉన్నాననే సంగతి ఆవిడకు తెలియదు. "మీకు చెప్తే నవ్వుతారు. మీరు ఏడ్చే టైముకు నేను టీవీ సౌండ్ పెంచి లోపలికి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని. ఓ ఏడాది పాటు రోజూ అంతే. మీరు అంత గట్టిగా ఏడుస్తుంటే నా ఏడుపు పిల్లదానికి వినపడేది కాదు. మీ పుణ్యమాని దానికి ఇవాల్టికీ ఏమీ తెలియదు."

మా వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టింది. సిబ్బంది కుర్చీలో సందర్శకులు కూర్చోకూడదు, అది కూడా రూలే. "మంచిదండీ. ఆ మాత్రం ఉపయోగపడ్డాను కదా" అంది.

ఆవిడ సబ్బు యాడ్ రెండుసార్లు వచ్చేదాకా ఆ కుర్చీలోనే కూర్చుంది. కూతురు తిరిగొచ్చి, నవ్వుతున్న తల్లిని చూసి, పక్కన నేల మీద కూర్చుని తల ఆవిడ మోకాలికి ఆనించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మెల్లగా నిచ్చెన దిగి, మా అన్నయ్యకు ఫోన్ చేసి, వదిన ఉద్యోగం ఖాయమైనట్టే అని చెప్పాను. దానికి డోకా ఎప్పుడొచ్చింది అని అడిగాడు మహానుభావుడు.